ద్రాక్షపందిరి కింది పిల్ల

మొన్న శనివారం మా కుట్టు సంఘం అధ్యక్షురాలు ఫోన్ చేశారు. క్షేమసమాచారాలు అయ్యాక గొంతు కాస్త తగ్గించి, "ఆవిడ కూడా పోయింది కదమ్మా. ఇంక బాధపడేవాళ్లు ఎవరూ లేరు. ఆ కప్పని తీసేద్దాం. నీ చెయ్యి సాఫీగా ఉంటుంది, నువ్వే విప్పి పెట్టు. మనలో మనమాట" అన్నారు.

ఆమె కప్ప అన్నది ఒక ఆడపిల్లని. ఎర్ర లంగా కట్టుకుని, రేకుడబ్బా చేత్తో ఎత్తి పట్టుకుని, ద్రాక్షపందిరి కింద నిలబడ్డ పిల్లని. తొండుపల్లి వెళ్లే దారిలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. లోపలికి అడుగు పెట్టగానే ఎడమ గోడ పొడుగునా వేలాడే గుడ్డ మీద ఆ పిల్ల ఉంటుంది. ఆ పిల్లను కుట్టిన మనిషిని మట్టిలో పెట్టి ఇంకా నెల తిరగలేదు. అప్పుడే ఈ ఫోను. నాకు ఒళ్లు మండిపోయింది.

"మనలో మనమాట" అన్నందుకు ఇంకా మండింది. అధ్యక్షురాలిదీ మాదీ ఒకే వైపు, కృష్ణ ఒడ్డు. ఉద్యోగాల కోసం వచ్చి శంషాబాద్‌లో ఇళ్లు కట్టుకున్నవాళ్లం. అంతమాత్రాన ఆమెకూ నాకూ మధ్య ఒక "మన" తయారైపోయింది. పుట్టిందీ పెరిగిందీ పోయిందీ ఇక్కడే అయిన, ఆ పిల్లను కుట్టిన అక్క మాత్రం అందులో లేదు.

అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం. పేరు రాయడం లేదు. రాస్తే ఆమెకు కోపం వచ్చేది. మొదటిరోజు నేను పేరు అడిగితే నన్ను పైనుంచి కిందకి చూసి, "పేరెందుకే? అక్కా అంటే పలకనా?" అంది. ఇప్పుడు పిలిచినా పలకదు కాబట్టి ఆ మాటైనా దక్కించుకుందాం.

అక్కకు కుట్టడం రాదు. ఈ మాట నేను ప్రేమతోనే రాస్తున్నాను. గగన్‌పహాడ్‌లో ఒక బిస్కట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసి చేసి ఆమె వేళ్లు మొద్దుబారాయి. దారం మరీ బిగించి లాగేది. ఆమె చెయ్యి పడ్డచోట గుడ్డ ముడుచుకుపోయేది. గొలుసుకుట్టు వేస్తే గొలుసులో ఒక లంకె పెద్దది, ఒకటి చిన్నది. మనుషుల ముఖాలు కుట్టడం ఆమె వల్ల కాదు. కుట్టినా కళ్లు ఒకటి పైకి, ఒకటి కిందకి పోయేవి. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేది. "నా మొకం గూడ గట్లనే ఉంటది గాదే, దేవుడు గూడ నా లెక్కనే కుట్టిండు" అనేది.

కానీ సంఘం నిలబడింది ఆమె వల్లే. చర్చి వెనక గది శనివారం మధ్యాహ్నాలు మాకు ఇప్పించింది ఆమె. పాస్టరయ్యను ఏం అడిగిందో, ఎలా అడిగిందో తెలియదు. ఆయన మాత్రం ఆ తర్వాత ఎప్పుడు మా గది ముందు నుంచి వెళ్లినా చెప్పులు చప్పుడు కాకుండా నడిచేవాడు.

ఆమె దగ్గర ఒక రేకు బిస్కట్ల డబ్బా ఉండేది. ఫ్యాక్టరీ మానేసిన రోజు తెచ్చుకున్నదట. దాంట్లో దారపుండలు, సూదులు, ఒక కత్తెర, కాసిని జీలకర్ర బిళ్లలు. గదిలో మా మాటలు ఎక్కువై చేతులు ఆగిపోతే కత్తెర తీసి ఆ డబ్బా మీద టంగ్ టంగ్‌మని కొట్టేది. అందరం ఉలిక్కిపడి సూదులు ఎత్తేవాళ్లం. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైన ఆడవాళ్లు కూడా బడిపిల్లల్లా తల దించుకోవడం నేను చూశాను. ఆ వాయించడంలో ఒక వరస ఉండేది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా, మళ్లీ రెండు గట్టిగా. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చాలా రోజులు తెలియలేదు.

ఇంకో అలవాటు. మా గది మీదుగా విమానాలు బాగా కిందుగా పోతాయి. ఆ మోతలో మాట వినపడదు. మేమందరం ఆ కాసేపూ మాట ఆపి, విమానం దాటాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. అక్క ఆపేది కాదు. తన పాటికి తను మాట్లాడుకుంటూ పోయేది. పెదవులు కదిలేవి, మాకు ఒక్క ముక్క వినపడేది కాదు. "ఏమన్నావక్కా?" అని అడిగితే మళ్లీ చెప్పేది కాదు. "నేనెందుకు ఆగాలె? అది ఆగుతదా నా కోసం?" అనేది. అలా ఆమె చెప్పిన సగం కథలు విమానాలు పట్టుకుపోయాయి.

ఒక సంవత్సరం అందరం కలిసి ఒకే పని పెట్టుకుందామని అనుకున్నాం. ఈ చుట్టుపక్కల ఊళ్ల చరిత్రను గుడ్డ మీద కుట్టాలి. తలా ఒక ముక్క. ఏడాది చివర ముక్కలన్నీ కలిపి ఒకే పొడుగాటి గుడ్డ చెయ్యాలి. గగన్‌పహాడ్ గుట్టల్లో రాళ్లు కొట్టే మనుషులు ఒకరికి, పాత బస్టాండు ఒకరికి, చర్చి ఒకరికి. నాకు హిమాయత్ సాగర్ వచ్చింది. అక్క మాత్రం ఎవరూ ఇవ్వకముందే, "ద్రాక్షతోట నాది" అంది.

నేను హిమాయత్ సాగర్ కుట్టాను. నీళ్లు, కట్ట, కట్ట మీద వరసగా కొబ్బరిచెట్లు. బాగా కుదిరిందని మురిసిపోతూ అక్కకు చూపించాను. ఆమె చాలాసేపు చూసింది.

"చెల్లే, గీడ కొబ్బరిచెట్లు ఏడ చూసినవ్?"

అప్పుడు తెలిసింది నాకు. నీళ్ల గట్టు అనగానే నా చెయ్యి దానంతట అది మా ఊరి కాలవగట్టు కుట్టేసింది. సిగ్గేసి, పక్కనున్న అమ్మాయికి ఇచ్చి, "కాస్త ఇవి విప్పి పెట్టవా" అన్నాను. టంగ్‌మంది డబ్బా.

"ఎవలు కుట్టిన్రో ఆల్లే ఇప్పాలె. నీ కుట్టు ఇంకొకలు ఇప్పుతే నీకు తెల్వకుండ నీ ఇంట్ల సామాను జరిపినట్టు. కూసో, ఇప్పు. నేను కూసుంట నీ పక్కన."

ఆ సాయంత్రం ఆమె కూర్చుంది కూడా. నేను ఒక్కో చెట్టూ విప్పుతుంటే దారం ముక్కలు ఏరి డబ్బాలో వేసుకుంది. చివరి చెట్టుకు వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది. "గిదొక్కటి ఉండనీ. నువ్వొచ్చినవని తెలుస్తది గద" అంది. నేను ఈ ఊరొచ్చి ఎన్నో ఏళ్లయింది. ఇల్లు, కరెంటు మీటరు, ఓటు అన్నీ ఇక్కడే. కానీ నువ్వు ఇక్కడి దానివే అని నాతో చెప్పిన మొదటి మనిషి ఆమే. హిమాయత్ సాగర్ కట్ట మీద ఆ ఒక్క కొబ్బరిచెట్టు ఇవాళ్టికీ ఉంది.

అప్పటి నుంచి అది మా సంఘంలో కట్టుబాటు అయిపోయింది. ఎవరు కుట్టారో వాళ్లే విప్పాలి. అధ్యక్షురాలు కూడా ఒకసారి కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట తన మాటలా చెప్పారు. నేను అక్కడే ఉన్నాను.

అక్క ముక్క ఎలా తయారవుతోందో నేను వారం వారం చూశాను. పందిరి గుంజలు వంకర. ఆకులు అరచేతులంత. ద్రాక్షలు లేత ఆకుపచ్చ, కొన్ని తేనెరంగు. "నల్ల ద్రాక్ష కాదక్కా?" అంటే, "షాపుల చూసి చెప్తున్నవా? గీడ పండింది గిదే" అంది. పందిరి కింద ఎర్ర లంగాలో ఒక పిల్ల, చేతిలో డబ్బా. నిజం చెప్పాలంటే ఆ పిల్ల కప్పలాగే ఉంది. కాళ్లు రెండు పక్కలకు, నోరు చెవుల దాకా. గదిలో అందరూ నవ్వారు.

ఆ రోజు అందరూ వెళ్లిపోయాక నాతో చెప్పింది. "మా బాపు తోటకు కావలి. పండు ఒచ్చిందంటె రామచిలుకలు గుంపులు గుంపులు దిగుతుండె. తెల్లారంగనే నన్ను పందిరి కింద ఇడిశిపెడ్తుండె. డబ్బా కొట్టుడే నా పని. కొట్టి కొట్టి చేతులు బొబ్బలెక్కుతుండె. తోట దొరది. డబ్బా నాది." కత్తెరతో డబ్బా మీద ఆ వరస వాయించి చూపించింది. రెండు గట్టిగా, ఒకటి మెల్లగా, మళ్లీ రెండు గట్టిగా.

తోట ఇప్పుడు లేదు. అది ఉన్నచోట విమానాలు దిగుతున్నాయి. వాళ్లుండే గుడిసెలూ లేవు. ఆమె చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదు. తీసేవాళ్లు ఎవరు? వాళ్ల బాపు పోయాడు, తోట చూసినవాళ్లు తలా ఒక దిక్కయ్యారు. "నేనొక పొల్లనుంటినని చెప్పెటోళ్లు ఎవ్వలు లేరు చెల్లే. గిదొక్కటే" అని గుడ్డ మీద ఆ కప్పపిల్లను వేలితో తట్టింది. అప్పుడే విమానం వచ్చింది. ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నాకు వినపడలేదు.

ఏడాది అయ్యాక ముక్కలన్నీ కలిపి కుట్టించడానికి అధ్యక్షురాలి ఇంటికి చేరాయి. ఈలోపు ఆ ఫంక్షన్ హాలు యజమాని గుడ్డను తమ గోడకు పెట్టుకుంటామన్నాడు. ఒక మంచిరోజు చూసుకుని చిన్న సభ పెట్టారు. మేమందరం పట్టుచీరలు కట్టుకుని వెళ్లాం. అక్క చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. మోకాళ్లు సహకరించకపోయినా గుడ్డ ఆ చివర నుంచి ఈ చివర దాకా నడుస్తూ అందరివీ పేరుపేరునా మెచ్చుకుంటూ వచ్చింది. నా కొబ్బరిచెట్టు దగ్గర ఆగి నన్ను చూసి కన్నుగీటింది. తర్వాత తన ముక్క దగ్గరికి వెళ్లి ఆగిపోయింది.

పందిరి గుంజలు తిన్నగా ఉన్నాయి. ద్రాక్షలు ఊదారంగులో తళతళా మెరుస్తున్నాయి, పూసలతో. పిల్ల లేదు. పిల్ల ఉన్నచోట జరీతో, కుందన్లతో పురివిప్పిన నెమలి ఉంది. పెళ్లికూతురి జాకెట్టు వీపు మీద ఉండాల్సిన నెమలి. అక్క కుట్టింది మొత్తం విప్పించి, మగ్గం వర్క్ చేసే షాపులో ఇచ్చి, కొత్తగా కుట్టించారు. అక్కతో ఒక్క మాటైనా అనలేదు.

"నా పొల్ల ఏది?" అంది అక్క.

అధ్యక్షురాలు నవ్వుతూ వచ్చారు. "గుడ్డ బాగా ముడతలు పడిందండీ. పెద్దవాళ్లు వస్తారు, చూస్తారు కదా. కొంచెం సరిచేయించాం. ఇప్పుడు ఎంత రిచ్‌గా ఉందో చూడండి."

"పిట్టల్ని కొట్టెటందుకు పెట్టిన పొల్లను తీశి పిట్టను పెట్టిన్రా?"

ఆమె అడిగింది అంతే. అధ్యక్షురాలు ఇంకెవరినో పలకరించడానికి అటు తిరిగారు. అక్క దగ్గర ఆ రోజు డబ్బా లేదు. ఫలహారాల బల్ల దగ్గరికి వెళ్లి స్టీలు పళ్లెం ఒకటి తీసుకుని చెంచాతో కొట్టింది. ఆ వరసే. యజమాని, ఆయన చుట్టాలు, మేము, వడ్డించేవాళ్లు అందరూ ఆమె వైపు తిరిగారు.

"గీడ ఒక పొల్ల ఉండె" అంది అక్క. పళ్లెం బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

చరిత్ర కుడుతున్నామని ఏడాది పాటు అందరికీ చెప్పుకున్నాం. గోడ మీద ఇత్తడి పలక కూడా పెట్టారు, చరిత్ర అనే మాటతోనే. ఆ తోటలో నిజంగా నిలబడ్డ మనిషి ఒకే ఒక్కరు మాలో ఉంటే, ఆ మనిషి బొమ్మనే పీకేశారు. నేను ఇక్కడ లేని చెట్టు కుడితే ఎవరికీ అభ్యంతరం లేదు, అందంగా ఉందట. ఆమె ఇక్కడే ఉన్న తనను తాను కుడితే మాత్రం గుడ్డ ముడతలు పడింది. ముడత పడితే ఇస్త్రీ చెయ్యాలి. మనిషిని తీసేస్తారా?

ఆటోలో తిరిగి వస్తూ, "అక్కా, రేపే వెళ్దాం. ఆ నెమలిని నేను ముక్కలు ముక్కలుగా విప్పేస్తాను" అన్నాను.

"వద్దు" అంది. "ఆ షాపాయన పొట్టకు కుట్టిండు. ఆయన కుట్టు నేను ఇప్ప. నువ్వు గూడ ఇప్పొద్దు. గిప్పుడు ఇప్పుతే ఇగ ఆమెకు, మనకు ఏం ఫరక్?"

నాకు ఆమె మీదా కోపం వచ్చింది. ఆ కట్టుబాటు ఆమెను కాపాడలేదు, ఆమె మాత్రం దాన్ని పట్టుకుని కూర్చుంది. కొన్ని వారాలు శనివారాలకు వెళ్లడం మానేశాను. ఆమె మాత్రం మానలేదు. వెళ్లి, ఎప్పటిలా కూర్చుని, డబ్బా కొట్టేదట.

ఆషాఢం వచ్చింది. ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, "నడువ్ చెల్లే, జర పనున్నది" అంది. పెళ్లిళ్లు లేని నెల కదా, ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెకు తెలిసినవాడే, ఫ్యాక్టరీలో ఆమెతో పనిచేసినవాడి తమ్ముడు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె ద్రాక్షతోట ముందు కూర్చుని డబ్బా నా చేతికిచ్చింది. కత్తెర తీసుకుంటుందేమో అనుకున్నాను. సూది, ఎర్ర దారం తీసుకుంది.

నెమలి పక్కన, పందిరి చివర కాస్త ఖాళీ గుడ్డ మిగిలి ఉంది. అక్కడ మొదలుపెట్టింది. నేను గుడ్డ కదలకుండా వెనక నుంచి పట్టుకున్నాను. సూది నా అరచేతి వైపు వస్తూ పోతూ ఉంది. ఎర్ర లంగా వచ్చింది. పక్కలకు పోయే కాళ్లు వచ్చాయి. చెవుల దాకా నోరు, ఒకటి పైకీ ఒకటి కిందకీ కళ్లు. చివరికి బూడిదరంగు దారంతో డబ్బా, ఈసారి ఇంకా పైకి ఎత్తి, నెమలి ముక్కు దాకా. ఎప్పటిలా దారం బిగించి లాగింది. అక్కడ గుడ్డ ముడుచుకుపోయి నెమలి పురి కూడా ఒక పక్కకు ఒరిగింది.

దారం తుంచి, వెనక్కి వాలి చూసుకుంది. "నెమలి ఒచ్చి పండు తింటె గూడ కొట్టాల్సింది నేనే గదా" అంది.

నేను చూశాను. ఆ నెమలి ఇప్పుడు నాట్యం చేస్తున్నట్టు లేదు. పారిపోతున్నట్టు ఉంది. వాచ్‌మన్ పగలబడి నవ్వాడు. నేను నవ్వుతూ ఏడ్చాను. అక్క జీలకర్ర బిళ్ల నోట్లో వేసుకుని, నాకూ వాచ్‌మన్‌కూ తలా ఒకటి ఇచ్చింది.

మాఘంలో ఏదో పెళ్లికి వెళ్లినప్పుడు అధ్యక్షురాలు చూశారు. ఆ శనివారం గదికి వచ్చి, "ఎవరు చేశారీ పని?" అన్నారు. అక్క తల ఎత్తకుండానే, "నేనే మేడం. కుట్టిన. ఎవ్వల కుట్టు ఇప్పలే" అంది. నేను చూస్తుండగా గదిలో ఒకరి తర్వాత ఒకరు కుర్చీలు అక్క వైపు జరుపుకున్నారు. అధ్యక్షురాలు ఇంక విప్పమని అనలేకపోయారు. ఆ కట్టుబాటు తన నోటితో కూడా చెప్పారాయె.

అలా ఆ పిల్ల గోడ మీద నిలిచింది. పెళ్లికొచ్చిన చిన్నపిల్లలు దాని ముందు నిలబడి అలాగే కాళ్లు పక్కలకు పెట్టి ఫోటోలు దిగుతారని వాచ్‌మన్ చెప్పాడు. అక్కకు ఆ మాట చెబితే ఆ రోజంతా డబ్బా అవసరం లేకపోయినా కొట్టింది.

ఈ వానాకాలం ఛాతీలో నొప్పి అంటే దవాఖానకు తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. చర్చి వెనక, మా గది కిటికీలోంచి కనపడేంత దూరంలో పెట్టారు. పాస్టరయ్య ప్రార్థన చేస్తుంటే విమానం వచ్చింది. ఆయన కూడా ఆపలేదు. అక్క పక్కన ఇన్నేళ్లు ఉన్న ఫలితం అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఈ ఫోను. ఫంక్షన్ హాలు కొత్తగా రంగులు వేస్తున్నారట, గుడ్డ కూడా "నీట్‌గా" ఉండాలట. ఆవిడ పోయింది కాబట్టి ఇంక బాధపడేవాళ్లు లేరట. నేను ఉన్నాను కదా. నేను లెక్కలోకి రానా?

"వింటున్నావా అమ్మా? రేపు ఆదివారం ఖాళీయేగా, వెళ్లి విప్పేసి రా" అన్నారు ఆమె.

"నేను విప్పను మేడమ్ గారూ. వేరేవాళ్లు విప్పడానికి వస్తే ఆ గుడ్డ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎవరు కుట్టారో వాళ్లే విప్పాలి. వెళ్లి ఆవిడనే అడగండి."

సరిగ్గా అప్పుడే మా డాబా మీదుగా విమానం వెళ్లింది. కిటికీ రెక్కలు అదిరాయి. మోత తగ్గాక ఫోనులో ఆమె గొంతు, "ఏమన్నావు? విమానం చప్పుడుకి వినపడలేదు" అంది.

అక్క అయితే మళ్లీ చెప్పేది కాదు. నేను మళ్లీ చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట వదలకుండా, ఇంకాస్త గట్టిగా. సమాధి చర్చి వెనక ఎక్కడుందో కూడా చెప్పాను.